ఒత్తులకు చోటు

పురసవాక్కంలో, బిర్యానీ కొట్టు మీద, మూడో అంతస్తులో
మధ్యాహ్నం మూడింటికి
నేనొక మనిషికి గొంతు వెతుకుతున్నాను.

బొమ్మలన్నీ ఎళిలన్ గీసేశాడు.
తెల్లారకముందు పులియంతోపు వీధి,
తడిసిన అట్టపెట్టెలు, పచ్చ కోటు, తోపుడుబండి,
బండి పక్కన నోరు తెరిచి కన్నియమ్మ.
నోటి పక్కన తెల్లటి బుడగ. అందులో ఏమీ లేదు.
అలాంటివి నూట పదహారు బుడగలు.
శుక్రవారం గడువు.

మొదట శుభలేఖ ఫాంటు వేసి చూశాను.
ప్రతి అక్షరానికీ తోక, తోక చివర మొగ్గ.
"తడిచెత్త వేరే పెట్టండమ్మా" అంటే
సకుటుంబ సపరివారంగా విచ్చేయమన్నట్టుంది.
రెండోది పాఠ్యపుస్తకం, చేతులు కట్టుకుని నిలబడింది.
మూడోది సినిమా పోస్టరు, తొడ కొట్టింది.
నాలుగోది కరెంటాఫీసు నోటీసు.
దానికి ఎవరి మీదా కోపం లేదు,
ఎవరూ అక్కర్లేదు కూడా.

ఇంగ్లీషు బుడగలు నింపేవాళ్ళకి సుఖం.
అరవాలంటే పెద్దబడి అక్షరాలున్నాయి.
మనకి పెద్దబడీ లేదు, చిన్నబడీ లేదు,
అందరిదీ ఒకటే బడి.
మనసులో మాటని పక్కకి వాల్చమంటారు.
తెలుగు వాలితే ఆలోచిస్తున్నట్టుండదు,
డ్రైవరు బ్రేకు తొక్కినట్టుంటుంది.
ఇక కోపం. కోపానికి మూలలు కావాలి.
గుండ్రంగా తిరిగే ఈ అక్షరాల్లో మూల ఎక్కడుంది?
ఉన్నదల్లా తలకట్టు.
ఆ చిన్న టిక్కు మీద ఎంత బరువని పెట్టను?

కన్నియమ్మ నిజంగానే ఉంది.
మా వీధి బండి ఆమెదే.
కథలో పేరు మారుద్దామంటే
"ఏం, నేనేమన్నా దొంగతనం చేసినానా?" అంది.
నాలుగు తరాలుగా వాళ్ళింట్లో మాట తెలుగే.
చదువు మాత్రం తమిళం,
అదీ ఐదో తరగతి దాకా.

మర్నాడు పొద్దున్నే ఫోను పట్టుకుని మెట్లు దిగాను.
చేతి తొడుగు ఊడదీసి, వేలు కొంగుకి తుడుచుకుని
తనని తానే పైకి తోసుకుంటూ చూసింది.
"ఇదేంది, పెళ్ళికూతురికి కట్టినట్టు కట్టినారు!"
ఇంకొంచెం తోసి,
"ఇంత లావుగా మాట్లాడతానా నేను? అరస్తా ఉండానా?"
నోటీసు దగ్గర ఏమీ అనలేదు.
అసలు వేలే ఆగలేదు.

ఇరవయ్యేళ్ళుగా చదువుతున్నాను.
చదవడం వల్లేనేమో,
అక్షరాన్ని ఇలా ఎన్నడూ చూడలేదు.

చివర్లో నేను తీసెయ్యడం మరిచిపోయిన పేజీ ఒకటి.
కొలతల కోసం తాత్కాలికంగా వేసిన ఫాంటు,
ఎవరో కాలేజీ పిల్లవాడు చేసి వదిలేసింది,
చ కాస్త కుంటుతుంది, ర మరీ చిన్నది.
అక్కడ ఆగింది.
"ఇదీ."
"ఎందుకు?"
"ఇది నడస్తా ఉంది. మిగతావన్నీ నిలబడుకోని ఉండాయి."

తర్వాత ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని,
"ఈ కింద వేలాడేవి ఏంది?"
"ఒత్తులు."
"కింద లైను వచ్చి వాటికి తగల్తా ఉందే.
ఇరుకు. జరిపియ్యి."
బండి తోసుకుంటూ పోయింది.

ఆ బుడగలో ఉన్న మాట ఇది:
కాంట్రాక్టరు మూణ్ణెల్లుగా దుడ్డివ్వలేదు.
ఒక్క ముక్కలో ఆరు ఒత్తులు, లెక్కపెట్టాను.
లైనుకీ లైనుకీ మధ్య ఎడం పెంచాను.
చాల్లేదు. ఇంకొంచెం పెంచాను.
బుడగ ఉబ్బి, పక్కకి పాకి,
వెనకాల ఉన్న ఫ్లైఓవరుని మింగడం మొదలుపెట్టింది.

"అక్కా! దానికి రెండు రాత్రులు పట్టింది నాకు!"
ఎళిలన్ కుర్చీలోంచి లేచాడు.

తెలుసు. మంచి ఫ్లైఓవరే.
రెండు స్తంభాలు మిగిల్చాను.